దాతగారు గ్లాసు వదలరు

ఫిబ్రవరి 2

"అరిచే బదులు రాసుకో" అంటూ మా ఆయన ఈ డైరీ తెచ్చాడు. పళ్ల డాక్టరు కదా, ఎదుటిమనిషి నోరు తెరిస్తే దూది పెట్టడం అలవాటు. సరే, పెట్టించుకుంటాను.

వార్త ఏమిటంటే, కమిటీ ఈ నెల ఇరవయ్యారున వస్తోంది. ఈ యూనివర్సిటీలో ఆరేళ్లుగా నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగింపు మీద నడుస్తోంది. ఈసారి అటో ఇటో తేల్చేస్తారట. పర్మనెంట్ చేశారా, రోబో ల్యాబు నాది. చేయలేదా, సెలవుల్లో సామాను సర్దుకోవాలి, గది తాళం పక్క ల్యాబాయనకి వెళ్తుంది. ఆయన డ్రోన్లు ఎగరేస్తాడు. ఆయన్ని గాలిమనిషి అంటాను, ఆయన లేనప్పుడు. ఉన్నప్పుడు కూడా ఒకసారి నోరు జారాను.

భయమా? దాతగారు ఉండగా నాకేం భయం. ఇవాళ కూడా అడిగినప్పుడల్లా గ్లాసు అందించారు, చుక్క ఒలకలేదు.

దాతగారంటే బల్లకి బిగించిన ఒక యంత్రపు చెయ్యి. మోచేతి దగ్గర కెమెరా, చివర రెండు రబ్బరు వేళ్లు. మంచం మీంచి లేవలేనివాళ్లకి మంచినీళ్లు అందించడం ఆయన వృత్తి. పట్టుకోవడం ఏ యంత్రమైనా పట్టుకుంటుంది. ఎప్పుడు వదలాలో తెలియడమే అసలు విద్య. కాస్త ముందు వదిలితే పక్క తడుస్తుంది, కాస్త ఆలస్యమైతే కుస్తీపట్టు. ఆ విద్య మేం ఆయనకి చెప్పి నేర్పలేదు, చేసి చూపించాం. నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి సెన్సర్ల గ్లౌజు వేసుకుని రెండేళ్లపాటు గ్లాసు అందిస్తూ పోయింది, ఆ రికార్డులన్నీ చూసి దాతగారు నేర్చుకున్నారు. ఆ అమ్మాయికి నేను పెట్టుకున్న పేరు మౌనం. బంగారం లాంటి పిల్ల, కానీ ఆ పిల్ల నోట పూర్తి వాక్యం ఇంతవరకు వినలేదు. ఎందుకో అంత బిడియం.

ఫిబ్రవరి 4

మొదటి సంవత్సరం వాళ్లకి క్లాసు. పక్కవాళ్లకి పెన్ను ఇవ్వండి అన్నాను. ఇచ్చారు. ఇప్పుడు ఆ ఇచ్చిన పద్ధతి ఒక యంత్రానికి అర్థమయ్యేలా రాయండి అన్నాను. కాసేపట్లో గది చేపల బజారైపోయింది. ఒకడి యంత్రం పెన్నుతోపాటు చెయ్యి కూడా ఊడదీసి ఇచ్చేసింది. ఒకమ్మాయి వదలమని రాయడం మరిచిపోయింది, ఆమె యంత్రం పెన్ను పట్టుకుని అవతలివాడి వెంట వాళ్లింటిదాకా వెళ్లింది. పోట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, మళ్లీ రాస్తున్నారు. ఈ పనికి ఎదురు జీతం ఇస్తున్నారన్న సంగతి ఎవరికీ చెప్పకూడదు.

చివరి బెంచీలో రోజూ కునుకు తీసే అమ్మాయి ఇవాళ లేచి అడిగింది. "మేడం, తీసుకునేవాళ్లు రెడీగా ఉన్నారని ఇచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

"అందులో ఏముంది, లాగుతారుగా" అన్నాను.

"అందరూ లాగరు కదా మేడం."

మంచి ప్రశ్న. జవాబు చెప్పేలోపు బెల్లు కొట్టేశారు.

ఫిబ్రవరి 6

కమిటీకి నా బోధన, పరిశోధనల ప్రస్థానం గురించి రెండు పేజీలు రాసివ్వాలట. రాశాను. అక్కడ రాయలేనివి ఇక్కడ రాసుకుంటాను.

చిన్నప్పుడు మా అమ్మ మిక్సీ విప్పాను. మళ్లీ బిగించాక ఒక మర మిగిలిపోయింది. మిక్సీ మాత్రం అంతకుముందు కన్నా బాగా తిరిగింది. కాలేజీలో చేసిన మొదటి రోబో గది ఊడ్చేది. దుమ్మంతా గది నడిమధ్యకి పోగు చేసి, అదేదో గోడ అనుకుని సాయంత్రం దాకా దాని చుట్టూ తిరిగింది. పీహెచ్‌డీకి మెట్లెక్కే రోబో. ఎక్కింది. దిగడం గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేర్పలేదు. పరీక్షకుల ముందు పై అంతస్తుకి ఎక్కి అక్కడే ఉండిపోతే మా గైడు గారు దాన్ని చంకనేసుకుని దిగారు. "నీ బతుకంతా ఇదే పని" అన్నారు. అది దీవెనో తిట్టో తెలియలేదు కానీ పట్టా ఇచ్చారు.

ఆ తర్వాత ఇద్దరు పెద్దల ల్యాబుల్లో పనిచేసి ఇక్కడికి వచ్చాను. ఈ గది అప్పట్లో విరిగిన కుర్చీల కొట్టు. తలుపు తీస్తే తుమ్ము ఆగలేదు. కుర్చీల కాళ్లు కోసి మొదటి రోబోకి కాళ్లు పెట్టాం. ఇప్పుడు ఆ గదికి పెద్ద కిటికీ ఉంది, సాల్డరింగ్ వాసన ఉంది, పొద్దున్నే నాకన్నా ముందు వచ్చి కూర్చునే విద్యార్థులు ఉన్నారు. ఈ గది నాకు కావాలి. ఎంత కావాలో ఆ రెండు పేజీల్లో రాయలేదు. "దీర్ఘకాలిక దృక్పథం" అని రాసి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 9

ఇవాళ మా డిపార్టుమెంటు హెడ్డు గారు దాతగారిని చూడటానికి వచ్చారు. హెడ్డు గారు మంచివారు, నిదానస్తులు. వాక్యం మొదలుపెట్టి కళ్లద్దాలు తుడుచుకుంటారు. ఆయన తుడుచుకునేలోపు ఆ వాక్యం నేను పూర్తి చేసిపెడుతుంటాను, సాయంగా ఉంటుందని.

దాతగారు గ్లాసు చాపారు. హెడ్డు గారు పట్టుకున్నారు. దాతగారు వదల్లేదు. హెడ్డు గారు నావైపు చూశారు.

"ఇది ఇంకా..."

"ఇస్తారు సార్, గట్టిగా పట్టుకోండి."

పట్టుకున్నారు. దాతగారు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఒక పెద్దమనిషీ ఒక యంత్రమూ ఒకే గ్లాసు పట్టుకుని మర్యాదగా నిలబడటం నేనెక్కడా చూడలేదు. చివరికి హెడ్డు గారు కొంచెం గుంజారు, నీళ్లు చొక్కా మీద పడ్డాయి. నేను వెళ్లి మళ్లీ నింపి తీసుకున్నాను. ఠక్కున ఇచ్చేశారు దాతగారు.

"చూశారా సార్, పనిచేస్తోంది!"

"మీకు" అన్నారు హెడ్డు గారు, తువ్వాలుతో తుడుచుకుంటూ. ఆయన మాట పూర్తి చేయడం అదే మొదటిసారి.

ఫిబ్రవరి 10

తప్పు వేలి సెన్సరుది. మార్చాం.

ఫిబ్రవరి 11

సెన్సరుది కాదు. గ్లాసుది. జారుతోంది. గరుకు గ్లాసు తెప్పించాను.

పొద్దున్న ఇంట్లో చిన్న గొడవ. మా ఆయన కాఫీ తెస్తుంటే తీసుకున్నాను. "అది నాది" అన్నాడు.

"నాకివ్వడానికే కదా తెచ్చావు?"

"ఇవ్వడానికే. ఇంకా ఇవ్వలేదు."

పొద్దున్నే తర్కం ఎక్కువ ఈ మనిషికి.

ఫిబ్రవరి 12

గ్లాసుది కూడా కాదు. హెడ్డు గారిది.

ఫిబ్రవరి 13

హెడ్డు గారిది కూడా కాదేమో.

ఇవాళ దొరికినవాళ్లనల్లా పిలిచాను. ఆఫీసు గుమస్తా, లైబ్రేరియన్, మౌనం, ఆఖరికి గాలిమనిషి. ఒక్కరికి ఇస్తే ఒట్టు. గుమస్తా కాసేపు చూసి "మీటింగు ఉందండీ" అని తప్పుకున్నాడు. గాలిమనిషి మాత్రం కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుని చూశాడు.

"పేరేమో దాత, బుద్ధేమో పిసినారిది. ఎవరి పోలిక మేడం?"

"మీ డ్రోన్లు నిన్న మామిడిచెట్టులో ఇరుక్కున్నాయట కదా, దించారా?" అన్నాను. మొహం మాడిపోయింది ఆయనకి. కానీ నా సమస్య అక్కడే ఉంది. నేను వెళ్లి చెయ్యి పెడితే ఠక్కున ఇస్తారు దాతగారు, మరొకరు పెడితే బిగదీసుకుని కూర్చుంటారు. మొత్తం విశ్వంలో నేనొక్కదాన్నే ఆయనకి చుట్టాన్నా? ఇరవయ్యారు ముంచుకొస్తోంది.

ఫిబ్రవరి 14

హెడ్డు గారు పిలిచారు. "ఆ రోజు గ్లాసు..."

"నన్నే తీసుకోమంటారా?"

తలూపారు. గుండె మీంచి బండ దింపినట్టయింది. అవును, తీసుకునేది ఎవరైతేనేం, డెమో డెమోనే కదా. అసలు ఆ యంత్రం గురించి నాకన్నా బాగా ఎవరికి తెలుసు? మా పేపర్లో కూడా "శిక్షణ పొందిన గ్రహీత" అనే రాశాం. ఆ గ్రహీతను నేనే. ఇందులో మోసం ఏముంది? ఏమీ లేదు.

హాయిగా ఉంది. సాయంత్రం మా అమ్మాయిని ఐస్‌క్రీముకి తీసుకెళ్లాను. "ఏమైంది, ఎందుకంత మంచిగా ఉన్నావు?" అని అనుమానంగా అడిగింది. తొమ్మిదేళ్లకే అందరి మీదా తీర్పులిచ్చేస్తుంది కాబట్టి ఇంట్లో దాన్ని జడ్జి గారంటాం.

ఫిబ్రవరి 15

మా అత్తయ్య ఎప్పట్నుంచో అడుగుతోంది కోడలి ల్యాబు చూస్తానని. ఇవాళ ఆదివారం, మనుషులు ఉండరని తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులు, చేతుల్లో కొద్దిగా వణుకు. గదంతా తిరిగి చూసి దాతగారి ముందు కుర్చీలో కూర్చుంది.

"నాకూ ఇస్తాడా?"

వద్దు అనబోయేలోపు మీట నొక్కేసింది. దాతగారు గ్లాసు చాపారు. అత్తయ్య రెండు చేతులూ గ్లాసు కింద పెట్టింది, అంతే. లాగలేదు, గుంజలేదు. ఇస్తాడని కూర్చుంది. దాతగారు బిగించి పట్టుకున్నారు. అత్తయ్య చేతులు అలాగే ఉన్నాయి, మెల్లగా వణుకుతూ.

"ఇవ్వడు అత్తయ్యా, ఇవాళ మూడ్‌లో లేడు" అన్నాను.

"పోనీలే అమ్మాయ్. వాడికే దాహంగా ఉందేమో, ఉండనీ" అని చేతులు వెనక్కి తీసుకుంది.

కడుపుబ్బ నవ్వాను. దారి పొడుగునా తలుచుకుని నవ్వుతూనే ఉన్నాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. మంచం మీంచి లేవలేనివాళ్ల కోసం కదా ఈ యంత్రం.

ఫిబ్రవరి 16

రికార్డు చేసిన వీడియోలు ఇంటికి తెచ్చుకుని సోఫాలో చూస్తున్నాను. మౌనం గ్లౌజు వేసుకుని గ్లాసు చాపుతుంది, నా చెయ్యి వస్తుంది, గ్లాసు మాయమవుతుంది. మళ్లీ చాపుతుంది, నా చెయ్యి, గ్లాసు మాయం. అన్నిట్లోనూ తీసుకునే చెయ్యి నాదే. వేరేవాళ్లు నిదానంగా తీసుకుంటుంటే విసుగొచ్చి, జరగండి జరగండి, నేను చేస్తే త్వరగా అయిపోతుంది అని అప్పట్లో నేనే కూర్చున్నాను. నిజంగానే త్వరగా అయిపోయింది. ఎంత చురుగ్గా ఉన్నానో చూసుకుని మురిసిపోతున్నాను.

జడ్జి గారు వెనకనుంచి తొంగి చూసింది.

"అమ్మా, ఎందుకలా లాక్కుంటున్నావు?"

"లాక్కోవడం కాదమ్మా, తీసుకోవడం."

"తీసుకోవడమంటే వాళ్లిచ్చాక. ఇది లాక్కోవడం. నాన్నా! అమ్మ లాక్కుంటుంది కదా?"

మా ఆయన తలెత్తలేదు. "ఏ విషయంలో?"

"అంటే? ఇంకా విషయాలున్నాయా?" అని నేను ఒంటికాలి మీద లేచాను.

"అబ్బే, ఏం లేవు. పన్నెండేళ్లయింది పెళ్లయి, నీకు నేను ఏదీ ఇవ్వలేకపోయాను. ఇద్దామని చెయ్యి చాపేసరికి అది నీ దగ్గర ఉంటుంది" అన్నాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. జడ్జి గారు సోఫా మీద పడి దొర్లుతోంది. అందరూ ఒక పార్టీ.

దాన్ని చొరవ అంటారు. ఆ మాటే చెప్పాను వాళ్లకి.

ఫిబ్రవరి 17

చొరవ కాదు. లాక్కోవడమే.

పొద్దున్నే ల్యాబుకి పరిగెత్తి ఆ రికార్డుల గ్రాఫులన్నీ తెరిచాను. నేను లాగిన ప్రతిచోటా, లాగిన బలం చూపే గీత కొండలా లేచింది. లేచాకనే మౌనం వేళ్లు వదిలాయి, అంతకుముందు కాదు. ఒక్క రికార్డులో కూడా ముందు కాదు. పక్కన నిలబడి చూస్తున్న ఆ పిల్లని అడిగాను.

"నీకు ఈ సంగతి తెలుసా?"

తలూపింది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ మేడం."

"మరి చెప్పవేం?"

"చెప్పబోయాను మేడం. 'మేడం, గ్లాసు తీసుకునేటప్పుడు మీరు' అన్నాను. మీరు 'బాగా తీసుకుంటున్నాను కదా, థాంక్యూ' అన్నారు."

నాలుక కరుచుకున్నాను. ఇంకా ఏదో చెప్పాలని ఉన్నట్టుంది, ఆగాను. ఆగడం ఇంత కష్టమని తెలియదు, తుమ్ము ఆపుకున్నట్టుంది. కాసేపటికి ఆ పిల్లే చెప్పింది.

"మీరు లాగుతారని నాకు తెలుసు కదా మేడం. లూజుగా పట్టుకుంటే నీళ్లు మీమీద పడతాయి. అందుకని ముందే బిగించి పట్టుకునేదాన్ని. మీరు లాగాకే వదిలేదాన్ని. దాతగారు అదే నేర్చుకున్నారు."

అప్పుడు వచ్చింది నాకు సంతోషం. ఎంత సంతోషమంటే కుర్చీలోంచి లేచి గదంతా గంతులేశాను, మౌనం కంగారుపడి స్క్రూడ్రైవర్ల ట్రే పక్కకి జరిపేసింది. దాతగారు ఏ తప్పూ చేయలేదు! మేం ఏం చూపించామో తు.చ. తప్పకుండా అదే నేర్చుకున్నారు. లోకంలో మనుషులందరూ నాలాంటివాళ్లే అనుకున్నారు పాపం. మెల్లగా పట్టుకున్నవాళ్లకి దాహం లేదనుకున్నారు. ఇంత చక్కటి తప్పు నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి చేయలేదు. దీని మీద ఒక పాఠం చెప్పొచ్చు, ఒక పేపరు రాయొచ్చు. ఆ కునుకు అమ్మాయికి జవాబు చెప్పొచ్చు.

తర్వాత కుర్చీలో కూలబడి ఆలోచించాను. ఇరవయ్యారున గ్లాసు నేను తీసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఉద్యోగం ఖాయం. ఆ తర్వాత తీరిగ్గా దిద్దుకోవచ్చు. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి నేర్పడం మొదలుపెడితే ఆయన అప్పటికి నేర్చుకోకపోవచ్చు, నాలుగు గోడలూ గాలిమనిషికి అప్పజెప్పి వెళ్లాల్సి రావచ్చు. అత్తయ్య చేతులు గుర్తొస్తున్నాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మౌనంతో అన్నాను, "గ్లౌజు ఛార్జింగ్ పెట్టమ్మా."

ఫిబ్రవరి 18

హెడ్డు గారికి చెప్పాను, ఆ రోజు గ్లాసు నేను తీసుకోనని, కమిటీవాళ్లే తీసుకుంటారని. ఆయన కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. నేను కుర్చీ చేతిని పట్టుకుని కూర్చున్నాను.

"నాకు కూడా" అన్నారు, మళ్లీ ఆగారు, "అదే మంచిదనిపించింది. కానీ మీరు నన్ను చెప్పనివ్వలేదు."

ఫిబ్రవరి 20

కొత్త రికార్డుల కోసం అందరినీ పిలిచాం, కారిడార్లో తిరునాళ్లలా ఉంది. మనిషికొక రకంగా గ్లాసు పుచ్చుకుంటారని నాకెవరూ చెప్పలేదు. గుమస్తా ముందు కళ్లతో అడిగి తర్వాత చెయ్యి చాపుతాడు. లైబ్రేరియన్ అడుగున పట్టుకుంటుంది. మా ఆయన క్లినిక్ మూసేసి వచ్చాడు. రెండు వేళ్లతో, నొప్పి పుట్టకుండా పన్ను పీకినట్టు తీసుకున్నాడు. హెడ్డు గారు పట్టుకున్నాక ఒకసారి నిట్టూర్చి అప్పుడు తీసుకుంటారు. గాలిమనిషి కూడా వచ్చి వరుసలో నిలబడ్డాడు.

"మీకేం పని ఇక్కడ? మా గది కావాలి కదా మీకు?" అన్నాను.

"గది కావాలి మేడం. కానీ ఇలా ఏడుస్తూ ఇస్తే నేనేం చేసుకుంటాను?" అని బుద్ధిగా నీళ్లు తీసుకుని తాగాడు. మంచివాడే.

జడ్జి గారు అందరికీ వరుస నంబర్లు ఇస్తోంది. అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతివాళ్లనీ "ఇంకో గ్లాసు తాగుతావా నాయనా" అంటోంది. ఇచ్చేది మౌనమే. నన్ను మాత్రం గ్లాసు దరిదాపులకి రానివ్వలేదు. గుమ్మం దగ్గర కాపలా.

ఫిబ్రవరి 23

కొత్తవి నేర్పాం. దాతగారు ఇప్పుడు మహా ఉదారంగా తయారయ్యారు. వేలు తగిలితే చాలు వదిలేస్తున్నారు. ఎవరైనా దగ్గరికొచ్చి తుమ్మినా వదిలేసేలా ఉన్నారు. నేలంతా తడి. మౌనం జారి పడబోయింది.

ఫిబ్రవరి 24

ఇంకా తడే. హెడ్డు గారు గొడుగు వేసుకుని వచ్చారు గదిలోకి. ఆయన జోకు వేయడం ఇదే మొదటిసారి అనుకుంటాను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓడిపోయామనిపించింది.

మధ్యాహ్నం మౌనం అంది, "మేడం, పాతవి కూడా కలుపుదాం."

"ఏ పాతవి?"

"మీవి. కొత్తవాళ్లందరూ మెల్లగా తీసుకునేవాళ్లే వచ్చారు. లాక్కునేవాళ్లు కూడా ఉంటారు కదా మేడం లోకంలో. వాళ్లకీ దాహం వేస్తుంది."

దీన్నేనా నేను ఇన్నాళ్లూ మౌనం అన్నది! మొత్తం నాలుగు వాక్యాలు, ఒకదాన్ని మించి ఒకటి. ఎత్తుకుని తిప్పేద్దామనిపించింది. ఎత్తుకున్నాను కూడా. వద్దు మేడం, వద్దు మేడం అంటూనే నవ్వింది. నా రికార్డుల్లోంచి కొన్ని తీసి అందరి వాటితో కలిపాం. అందరిలో ఒకదాన్నిగా.

ఫిబ్రవరి 25

ఇస్తున్నారు. అత్తయ్యకి ఇస్తున్నారు. ఊపిరి బిగబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 26

వచ్చారు. కమిటీ పెద్దావిడకి డెబ్భై ఏళ్లు ఉంటాయి. రిటైరైన ప్రొఫెసర్, నవ్వరని పేరు. మిగతావాళ్లంతా ఆవిడ కనుబొమ్మల వైపు చూసి మాట్లాడుతున్నారు.

ముందు వీడియోలు చూపించాను. ఏ తప్పు చేశామో, ఎలా చేశామో, ఏదీ దాచలేదు. తెర మీద నా చెయ్యి వచ్చి గ్లాసుని గద్దలా తన్నుకుపోతోంది. ఒకటి, రెండు, మూడు, వరసగా. మూడోదానికి చివరి కుర్చీలో ఉన్నాయన నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. పెద్దావిడ నవ్వలేదు.

లేచి దాతగారి ముందుకి వచ్చారు ఆవిడ. గ్లాసు పట్టుకున్నారు, మెల్లగా. దాతగారు ఒక్క క్షణం అలాగే ఉన్నారు. నాకు కళ్లు మూసుకోవాలనిపించింది. అప్పుడు వేళ్లు విచ్చుకున్నాయి. ఆవిడ నీళ్లు మొత్తం తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు మీరు తీసుకోండి. లాక్కోకుండా" అన్నారు నాతో.

మౌనం గ్లాసు మళ్లీ నింపి దాతగారి వేళ్లకి పట్టించింది. నేను చెయ్యి చాపాను. గ్లాసు పట్టుకున్నాను. లాగుతానేమోనని భయపడి చెయ్యి రాయిలా బిగించేశాను, కనీసం అందుకుంటున్నట్టు కూడా లేదు. దాతగారు చూస్తున్నారు. నేను చూస్తున్నాను. ముందు మీరంటే ముందు మీరన్నట్టు నిలబడ్డాం ఇద్దరం. "వేళ్లు కొంచెం వదులు చేయండి మేడం" అని వెనకనుంచి మౌనం మెల్లగా అంది. చేశాను.

గ్లాసు బరువు నా చేతిలోకి వచ్చింది.

అంతే. ఎవరైనా ఏదైనా ఇస్తే చేతికి అలా ఉంటుందని నాకు నిజంగా తెలియదు. ఎప్పుడూ ఆ క్షణం దాకా ఆగలేదు. నలుగురిలో కళ్లనీళ్లు తిరిగాయి, సిగ్గు కూడా వేయలేదు. తలెత్తి చూస్తే పెద్దావిడ నవ్వుతున్నారు, పళ్లన్నీ కనిపించేలా. మా ఆయన చూస్తే బావుండేది, మంచి పళ్లు.

ఏ సంగతైనా తర్వాత చెబుతామని వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 28

ఏ కబురూ లేదు. క్లాసులో చివరి బెంచీ అమ్మాయికి జవాబు చెప్పాను. నువ్వన్నది కరెక్టు, అందరూ లాగరు అని. "అవునా మేడం" అంది, ఏ ప్రశ్నో గుర్తులేనట్టుంది. పర్లేదు.

ఇంట్లో అందరూ నావైపు చూడకుండా చూస్తున్నారు.

మార్చి 3

హెడ్డు గారు పిలిచారు. కూర్చోమన్నారు.

"కమిటీవాళ్లు" అని కళ్లద్దాలు తీశారు.

నేను ఆగాను.

అద్దాలు తుడిచారు. వెలుతురుకి పట్టి చూశారు. మళ్లీ తుడిచారు. నా నోట్లో రెండు రకాల వాక్యాలు రెడీగా ఉన్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. రెండూ మింగేశాను. అద్దాలు పెట్టుకుని, బల్ల మీద కాగితాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఆ మహానుభావుడు చివరిదాకా తన నోటితో తనే చెప్పారు.

"మిమ్మల్ని పర్మనెంట్ చేశారు. తప్పు చూపించినందుకే చేశామని రాశారు. గది మీదే అమ్మా."

థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. మెట్లు రెండేసి దూకుతూ దిగాను. కారిడార్లో గాలిమనిషి ఎదురైతే చెయ్యి ఊపేశాను, ఆయన చేతిలో డ్రోను కిందపడబోయింది. ల్యాబు తలుపు తోసేసరికి మౌనం దాతగారి వేలికి రబ్బరు అతికిస్తోంది. ఆయాసంతో నాకు మాట రావడం లేదు. ఇన్నేళ్ల ఎదురుచూపు, నా నోటితో నేను చెప్పాలి, ప్రతి అక్షరం నెమ్మదిగా, ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పాలి.

"హెడ్డు గారు పిలిచి, కమిటీవాళ్లు మనల్ని..."

"పర్మనెంట్ చేశారా మేడం!" అని కేక పెట్టింది మౌనం. జిగురు సీసా వదిలేసి నా మీదకి దూకింది.

నోటిదాకా వచ్చిన మాటని ఠక్కున లాగేసుకుంది. వదిలేశాను.